బావిలోని సర్పంచ్

బాల్‌సింగ్ హవాయి చెప్పు అడుగును నిలువుగా చీలుస్తున్నాడు. ఎడమ బొటనవేలితో మడమ భాగాన్ని పీట మీద అదిమిపట్టి, కత్తిని నీళ్ల గిన్నెలో ముంచి, ఒకే ఊపున లాగాడు. పొడి కత్తికి రబ్బరు తెగదు, చిరుగుతుంది. తడి కత్తికి బెండకాయలా తెగుతుంది. రెండు పలకలూ విడిపోయాక వాటిని వెలుతురుకు పట్టి చూశాడు. లోపల గాలి బుడగలు సమంగా ఉన్నాయి. ఈ చెప్పు తేలుతుంది. అన్ని చెప్పులూ తేలవు. ఏది తేలుతుందో ఏది మునుగుతుందో చెప్పులమ్మే షాపువాళ్లకు కూడా తెలియదు. వాళ్లకు ఆ అవసరం రాలేదు.

మరిపెడ సెంటరుకు కొంచెం అవతల, ఖమ్మం రోడ్డు పక్కన, మోటార్ సైకిళ్లకూ ఆటోలకూ సీట్లు కుట్టే డబ్బా అతనిది. ఇల్లు దగ్గర్లోని తండాలో. బతుకుతెరువు సీట్లది, పేరు మాత్రం కప్పలది. చెప్పు అడుగుతో కప్ప ఆకారం చెక్కి, కడుపు కింద జంట గాలం అమర్చి, సైకిల్ ట్యూబు పీలికలతో వెనక కాళ్లు కట్టి, కొర్రమట్ట చేపలు పట్టేవాళ్లకు ఇస్తాడు. దాన్ని గాలపు కర్రతో తామరాకుల మీదికి విసిరి, ఆగి ఆగి లాగుతుంటే నీటి మీద కప్ప పోతున్నట్టే ఉంటుంది. కొర్రమట్ట కింది నుంచి వచ్చి కొడుతుంది. కొట్టినప్పుడు చెరువులో బండరాయి పడ్డంత చప్పుడు. ఆ చప్పుడు కోసమే ఉద్యోగాలున్నవాళ్లు కూడా ఆదివారం తెల్లారకముందే లేస్తారు.

ఈ పని అతనికి ఎవరూ నేర్పలేదు. చాలా ఏళ్ల కింద ఒకాయన చిరిగిన ప్లాస్టిక్ కప్పను తెచ్చి, సీటుకు అతుకేసినట్టే దీనికీ వేయమన్నాడు. బాల్‌సింగ్ అతుకు వేసేముందు దాన్ని మొత్తం విప్పాడు. గాలం ఎక్కడ కూర్చుంది, బరువు ఎక్కడ పెట్టారు, ఎంత భాగం నీళ్లలో ఉంటుంది, ఎంత బయట ఉంటుంది, అన్నీ చూసుకొని మళ్లీ మూసి ఇచ్చాడు. తర్వాత సొంతంగా చేసిన మొదటి కప్ప మునిగింది. దాని తర్వాతిది తేలింది గానీ వెల్లకిలా తేలింది. బర్రెలు నీళ్లు తాగే గోలెంలో వాటిని వదిలి చూసేవాడు. ఒక కప్ప ముక్కు పైకి, నడుము కిందికి పెట్టి మొదటిసారి సరిగ్గా కూర్చున్న పూట, బర్రె దాన్ని నమిలింది. అప్పటికి ఇంకా గాలం కట్టలేదు కనక బర్రె బతికింది.

చెప్పుల సంగతి తండా అంతటికీ తెలుసు. బాల్‌సింగ్ ఇంటికి వచ్చే చుట్టాలు చెప్పులు గుమ్మం ముందు విడవరు, చేతిలో పట్టుకొని లోపలికి వస్తారు.

అతనికి మాటలు పెద్దగా గిట్టవు. కప్ప కొనడానికి వచ్చినవాళ్లు ఎక్కడ ఏం పట్టారో చెప్పడం మొదలుపెడితే కుట్టుమిషన్ తొక్కుతాడు. మిషన్ మీద సీటు ఉండదు. ఊరికే తొక్కుతాడు.

ఆ శుక్రవారం వచ్చినవాడు సాకేత్. జనగామ రోడ్డు మీది సింగారిపల్లె వాళ్లది. భూములున్నాయి, ఎరువుల దుకాణం ఉంది, ముప్పై దాటిన మనిషి. అంతకు ముందు రెండు మూడు కప్పలు కొన్నాడు. ఈసారి కప్పల వైపు చూడకుండా స్టూలు లాక్కొని కూర్చున్నాడు.

"అన్నా, నీ కప్పలు బాయిల పనిజేస్తయా?"

"నీళ్లున్నకాడల్ల పనిజేస్తయి."

"ఒక్క కొర్రమట్టను తియ్యాలె. దెబ్బ తాకొద్దు. పాణంతోని పైకి రావాలె."

బాల్‌సింగ్ కత్తి ఆపాడు. "తిననీకి గాదా?"

"దాన్ని తింటే మా నాయిన నన్ను తింటడు."

సంగతి ఇది. సాకేత్ తండ్రి ముత్యం ఒకప్పుడు సర్పంచ్‌గా నిలబడి కొద్ది ఓట్లతో ఓడిపోయాడు. ఆ కోపంలో నెలరోజులు ఇల్లు కదల్లేదు. కదిలిన రోజు అంగడి నుంచి వేలెడంత కొర్రమట్ట పిల్లను తెచ్చి తన వ్యవసాయ బావిలో వేసి, దానికి సర్పంచ్ అని పేరు పెట్టాడు. ఊళ్లో సర్పంచ్‌లు మారారు. బావిలో సర్పంచ్ మారలేదు. ఇప్పుడది మనిషి చేయంత పొడవుంది. ముత్యం రోజూ సాయంత్రం బావి గడ్డ మీద కుర్చీ వేసుకొని, అది గాలి పీల్చుకోవడానికి పైకి వచ్చి మళ్లీ కిందికి పోయేదాకా చూసి, అప్పుడు ఇంటికి పోయి అన్నం తింటాడు. కనపడని రోజు తినడు.

రోడ్డు వెడల్పు పనిలో ఆ బావి పోతుంది. మట్టి కుప్పలు తెచ్చి పోశారు. సోమవారం పొద్దున జేసీబీ బావిని పూడుస్తుంది. చేప లోపల ఉండగా ఒక్క తట్ట మట్టి పడినా తాను కూడా అందులోనే దూకుతానని ముత్యం కాంట్రాక్టరుకు చెప్పాడు. దూకే మనిషే.

"మోటార్లు పెట్టి తోడరాదు?" అన్నాడు బాల్‌సింగ్.

"తోడినం. వానలకు ఊటలు మస్తుగున్నయి. పొద్దంత తోడితే తెల్లారేసరికి మళ్ల నిండింది. వల ఏసినం. సప్పుడు కాంగనే గోడరాళ్ల బొక్కల్ల వడ్తది. ఎర్రల గాలమేద్దామంటే నాయిన ఒప్పుకోడు."

ఆ ఒక్క విషయంలో ముత్యం చెప్పింది సరైనదే. ఎర గుచ్చిన గాలాన్ని చేప మింగుతుంది. కడుపులో దిగిన గాలంతో పైకి వచ్చినా బతకదు. నీటి మీద తేలే ఎరను అయితే మింగే తీరిక ఉండదు. కోపంగానో ఆకలిగానో వచ్చి కొట్టిన చేపకు గాలం మూతి అంచున తగులుతుంది. బాల్‌సింగ్ అదంతా చెప్పలేదు. "రేపు వస్త" అన్నాడు.

సాయంత్రం ఇంట్లో గాలం మొన పక్కనుండే ఎదురుముల్లును ఆకురాయితో అరగదీశాడు. ఆ ముల్లు ఉంటే గాలం ఊడదు, ఊడదీస్తే మూతి చీలుతుంది. ముల్లు తీసేస్తే గాలం తేలికగా వస్తుంది. దారం ఒక్క క్షణం వదులైనా చేప కూడా అంతే తేలికగా పోతుంది. అతని భార్య గంగి పక్కన కూర్చొని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చూసింది.

"ఇన్నేండ్లు చేప పోవద్దని ముల్లు సానబట్టినవ్. ఇయ్యాల పోవాలని అరగదీస్తున్నవా?" అంది తమ ఇంటి భాషలో.

"పటేలు చేప. గాయం కావద్దట."

"సీటు కుడుతుంటే నీ వేలుకు సూది దిగింది. అప్పుడు ఏ పటేలూ అడగలేదు."

అతను ఆకురాయి దులిపి సంచిలో పెట్టుకున్నాడు. గంగి తన చెప్పులు తెచ్చి కాళ్ల కింద పెట్టుకొని మళ్లీ చిక్కుడుకాయల్లో పడింది.

శనివారం తొర్రూరు మీదుగా బస్సులో పోయి దిగేసరికి ఎండెక్కింది. బావి పెద్దదే. ఒక పక్క రాతి మెట్లు, మధ్యకు దిగిన మోటారు పైపు, ఎదుటి గడ్డ నుంచి నీటి మీదికి వంగిన ఈత చెట్టు, దాని మట్టలకు నిండా గిజిగాడి గూళ్లు. మట్టి కుప్పల పక్కన జేసీబీ. దాని నీడలో ఆపరేటర్ నరేందర్ టిఫిన్ డబ్బా మూత నాకుతున్నాడు. భూపాలపల్లి దిక్కు మనిషి. పని ఆగినా రోజు కూలి పడుతుంది కనక అతనికి తొందర లేదు.

కుర్చీలో ముత్యం ఉన్నాడు. మోకాళ్లు పట్టేసి మెట్లు దిగలేని మనిషి, కానీ గొంతుకు ఏ నొప్పీ లేదు.

"నువ్వేనా కప్పల నాయక్‌వు?"

"నేనే పటేలా."

"మా సర్పంచ్ అట్లాంటిట్ల చేప గాదు. గీ బాయి ఎండాకాలం ఎండినప్పుడు గూడ బురదల పండుకొని బతికింది. ఎవని సొమ్ము తినలే. దానికి మేము పెట్టుడేంది, సర్పంచ్ అన్నంక అదే తింటది..."

ముత్యం మాట్లాడుతూనే ఉన్నాడు. ఎన్నికలో ఎవరు ఎలా మోసం చేశారో, చేపకు వానాకాలం ఏమవుతుందో, ఎండాకాలం ఏమవుతుందో, మళ్లీ ఎన్నిక. బాల్‌సింగ్ తొక్కడానికి అక్కడ మిషన్ లేదు. అందుకని రీలులో దారం విప్పి మళ్లీ చుట్టాడు.

చేప పైకి వచ్చింది. ముందు నీళ్లలో నల్లటి మొద్దులాంటి నీడ, తర్వాత మూతి, చిన్న గుటక, మళ్లీ నీడ. ముత్యం మాట ఆపాడు. అది కిందికి పోయాక మళ్లీ అందుకున్నాడు.

బాల్‌సింగ్ ఆకుపచ్చ వీపు, తెల్ల కడుపు కప్పను తీసి కట్టాడు. మరిపెడ నుంచి ఖమ్మం దాకా పేరున్న కప్ప అది. మెట్ల మీద నిలబడి అవతలి గోడకు ఆనేలా విసిరి, ఆగి ఆగి లాగాడు. కప్ప చక్కగా వచ్చింది. చేప రాలేదు. మళ్లీ విసిరాడు. ఈసారి చేప కప్ప పక్కనే గాలి పీల్చుకోవడానికి వచ్చి, పీల్చుకొని, దాని వైపు చూడకుండానే పోయింది.

"నాయక్ అన్నా," అన్నాడు నరేందర్ జేసీబీ నీడ నుంచి, "నీ కప్పకు నమస్తే గూడ పెట్టలే."

మధ్యాహ్నం నల్ల కప్ప కట్టాడు. అది నీటి మీద ఎక్కువ అలజడి చేస్తుంది. చేప పూర్తిగా అడుగుకు పోయి, ఆ పక్కకు రావడమే మానేసింది. తర్వాత మూతి పల్లంగా చెక్కిన కప్ప, లాగితే గుడగుడమనేది. సాయంత్రం దాకా అదే పని. నరేందర్ పని లేక ప్రతి విసురుకూ ఒక వ్యాఖ్య చేశాడు. బాల్‌సింగ్ దారం చుట్టుకొని, "గీ చేప పిచ్చిది" అన్నాడు.

ముత్యం కుర్చీలో నిటారుగా అయ్యాడు. "సర్పంచ్‌ను పిచ్చిదంటవా? నీ కప్పలే పిచ్చివి."

ఆ రోజు ముత్యం అన్నం తిన్నాడు, చేప కనపడింది కనక. బాల్‌సింగ్‌కు మాత్రం సయించలేదు. సాకేత్ వాళ్ల అరుగు మీద పడుకొని, కప్ప కాలు పొడవు పెంచాలా తగ్గించాలా అని ఆలోచించాడు. బావిలో కప్ప ఉంటుందని ఎవరైనా అంటారు, సామెత కూడా ఉంది. బావిలోని కొర్రమట్టకు కప్ప పనికిరాకపోవడం అతని లెక్కలో లేదు. తప్పు కాళ్లలోనే ఉండాలి.

ఆదివారం పొద్దున గాలి లేచింది. బాల్‌సింగ్ మెట్ల మీద కొత్త కాళ్లు కడుతున్నాడు. ముత్యం కుర్చీలోకి వచ్చి నిన్న ఆపినచోట నుంచి మొదలుపెట్టాడు. అతని భార్య ప్రమీల చాయ్ పట్టుకొచ్చింది. ఈత మట్టలు ఊగుతున్నాయి, గూళ్లు ఊగుతున్నాయి. ఒక గూటి లోంచి ఏదో జారింది.

చిన్న చప్పుడు. రెక్కలు రాని పిట్టపిల్ల నీటి మీద పడి, ముందుకు పోలేక, ఉన్నచోటే గుండ్రంగా కొట్టుకుంటోంది. బాల్‌సింగ్ లేచి నిలబడేలోపు నీళ్లు పగిలాయి. బండరాయి పడ్డ చప్పుడు గోడలకు తగిలి తిరిగి వచ్చింది. తర్వాత నీటి మీద వలయాలు, అంతే. పైన పిట్టలు గోలగోలగా తిరిగాయి.

బాల్‌సింగ్ చేతిలోని కప్పను చూశాడు. దానికి కాళ్లు చాలా బాగా కుదిరాయి.

"గది రోజు గట్లనే తింటది," అన్నాడు ముత్యం. "వానకాలం వచ్చిందంటే దానికి పిట్టపిల్లలే. గా ఈతచెట్టు కిందనే కాసుకొని ఉంటది. కప్ప దిక్కు మర్లి గూడ సూడది. నిన్న నువ్వు రాంగనే చెప్పిన గదా."

"చెప్పినవా?"

"మూడుసార్లు చెప్పిన!"

"నాలుగు," అంది ప్రమీల చాయ్ గ్లాసు అందిస్తూ. "ఆయిన నిన్నంత మాట్లాడిన దాంట్ల పనికొచ్చే ముచ్చట గదొక్కటే బిడ్డా. గదొక్కటే నువ్వు ఇనలే."

నరేందర్ జేసీబీ దిగి ఇటు వచ్చాడు. ఇలాంటిది దూరం నుంచి వినేది కాదు.

బాల్‌సింగ్ చాయ్ తాగాడు. కప్పలన్నిటినీ డబ్బాలో సర్ది మూత పెట్టాడు. కత్తిని పక్కన పెట్టి, కుర్చీ దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పు పటేలా. ఎట్లెట్ల జేస్తది?"

ముత్యానికి ఇలాంటి ప్రశ్న ఎన్నికల తర్వాత ఎవరూ వేయలేదు. తీరిగ్గా చెప్పాడు. పిల్ల పై నుంచే పడాలి. పక్క నుంచి వచ్చిన దాన్ని సర్పంచ్ నమ్మదు. పడ్డ చప్పుడుకు కిందికి వచ్చి నిలబడుతుంది, వెంటనే కొట్టదు. పిల్ల మెసులుతుంటే కొడుతుంది, మెసలకపోతే చచ్చిందని వదిలేస్తుంది. చచ్చినదాన్ని తినదు. పిల్ల ఉన్నచోటే తిరగాలి, ఎటూ పోకూడదు. "ముందుకు పోయేది దానికి పిట్టపిల్ల గాదు," అన్నాడు. బాల్‌సింగ్ కప్పలన్నీ ముందుకు పోవడానికే చేసినవి.

"రంగు?"

"గులాబి. ఈకలుండయి. తోలుంటది."

బాల్‌సింగ్ తన సంచి వెతికాడు. అన్నీ నీలం, ఆకుపచ్చ, నలుపు. తల ఎత్తినప్పుడు అతని చూపు ప్రమీల కాళ్ల దగ్గర ఆగింది. ఆమె చెప్పులు లేత గులాబి రంగువి, బాగా అరిగినవి.

"అమ్మా, జర ఆ చెప్పు ఇస్తవా?"

"ఏ చెప్పు?"

"ఏదైనా సరే. ఒక్కటి సాలు."

"ఒక్కటి సాలట," అంది ప్రమీల. "రెండో చెప్పుతోని నేనేం జెయ్యాలె? కుంటుకుంట నడువాల్నా?" అని ముత్యం వైపు చూసింది. ముత్యం బావిలోకి చూశాడు. ఆమె ఎడమ చెప్పు విడిచి, ఇంటి దాకా ఒంటి చెప్పుతో పోయింది.

నీళ్లలో వేస్తే చెప్పు తేలింది. కత్తి తడిపి కోశాడు. బొటనవేలంత ఒళ్లు, దానికి తగని పెద్ద తల, కడుపు కింద ముల్లు అరగదీసిన గాలం. రెక్కలకు రెగ్జిన్ పెడితే బిగుసుకుపోయింది. సైకిల్ ట్యూబును పలచగా చీల్చి, సన్నని తీగ మీద ఊగేలా అటొకటి ఇటొకటి తొడిగాడు. బకెట్టెడు నీళ్లలో వదిలి దారం కదిపాడు. పిట్ట ముందుకు ఈదింది. అలవాటు ప్రకారం దారం ముక్కుకు కట్టాడు. విప్పి, వీపు మధ్యలో చిన్న కొక్కెం గుచ్చి అక్కడ కట్టాడు. ఈసారి దారం పైకి లాగినప్పుడల్లా రెక్కలు కొట్టుకున్నాయి, పిట్ట ఉన్నచోటే తిరిగింది. కానీ తల బరువుకు ముందుకు వాలుతోంది. వెనక సన్న సీసపు ముక్క దిగ్గొట్టాడు. మళ్లీ బకెట్టు. ఎక్కువైంది. సీసాన్ని గోరంత గీకాడు. మళ్లీ బకెట్టు.

"గిది మా దిక్కు జాతరల అమ్మితే పోరలు కొంటరు," అన్నాడు నరేందర్. ఆ గొంతులో వెటకారం కొద్దిగా తగ్గింది.

ఇక పై నుంచి పడటం మిగిలింది. దారాన్ని ఈత మట్ట మీదుగా వేయాలి. నేరుగా మట్ట మీద వేస్తే చేప పట్టాక దారం ముళ్లకు చిక్కుతుంది. బాల్‌సింగ్ సాకేత్ బండి తాళాల రింగు అడిగి తీసుకొని, దాన్ని మట్టకు ఇట్టే తెగే ఒంటిపోగు కుట్టుదారంతో కట్టమన్నాడు. గాలపు దారం రింగులోంచి పోతుంది. చేప లాగితే కుట్టుదారం తెగి, రింగు కిందికి జారుతుంది. అప్పుడు కర్రకూ చేపకూ మధ్య అడ్డు ఉండదు.

"అంత పైకి ఎట్ల ఎక్కుదు?" అన్నాడు సాకేత్, ఈత ముళ్లు చూసి.

అందరూ జేసీబీ వైపు చూశారు.

"కాంట్రాక్టరుకు తెలిస్తే నన్ను పంపుతడు," అన్నాడు నరేందర్. కానీ అప్పటికే ఎక్కి ఇంజను స్టార్ట్ చేశాడు. బావిని పూడ్చడానికి వచ్చిన బకెట్టులో సాకేత్ నిలబడి, పిట్టల తిట్లు తింటూ పైకి పోయి, రింగు కట్టి వచ్చాడు. దిగాక నరేందర్ ముత్యంతో, "చెట్టు హద్దురాయికి అవతల ఉన్నది పటేలా. దాని జోలికి నేను పోను. గూళ్లు ఉంటయి," అన్నాడు. ఎవరూ అడగలేదు.

ఎండ పడమటికి తిరిగింది. సాకేత్ తడిపిన గోనెసంచి పట్టుకొని చివరి మెట్టు మీద మోకాళ్ల లోతు నీళ్లలో కూర్చున్నాడు. బాల్‌సింగ్ ఈత చెట్టుకు ఎదురు గడ్డ మీద కర్ర పట్టుకున్నాడు. రబ్బరు పిట్ట గూళ్ల మధ్య వేలాడుతోంది. చేప గాలికి వచ్చింది, పోయింది. నీడ చెట్టు కిందికే పోయింది.

దారం వదిలాడు. పిట్ట పడింది. చిన్న చప్పుడు.

అది నీటి మీద కూర్చుంది, ముక్కు పైకి. బాల్‌సింగ్ కర్ర కొసను గోరుతో తట్టినంత మెల్లిగా కదిపాడు. రెక్కలు కొట్టుకున్నాయి. ఆపాడు. నీడ వచ్చి కింద నిలబడింది. అది అక్కడే ఉంది, పిట్టను చూస్తోంది. బాల్‌సింగ్ కర్రను అలాగే పట్టుకున్నాడు.

"కదుపు," అన్నాడు ముత్యం గుసగుసగా. అతని గుసగుస రోడ్డు దాకా వినిపించింది. "సచ్చిందనుకుంటది, కదుపు!"

కదిపాడు. నీళ్లు పగిలాయి.

బాల్‌సింగ్ వెంటనే లాగలేదు. చేప మూతి మూసి తిరిగేదాకా ఆగాడు. దారం బిగిసింది. అప్పుడు లాగాడు. పైన కుట్టుదారం తెగింది, రింగు జారుకుంటూ వచ్చి నీళ్లలో పడింది, చేప బరువంతా కర్ర మీదికి వచ్చింది. అది నేరుగా అడుగుకు, గోడరాళ్ల బొక్క వైపు తిరిగింది. ముల్లు లేని గాలం. దారం వదులు చేస్తే పోయినట్టే, మరీ బిగిస్తే మూతి చీలుతుంది. బాల్‌సింగ్ గడ్డ వెంట నడవడం మొదలుపెట్టాడు, చేప ఎటు పోతే దానికి ఎదురు దిక్కుకు. చెప్పులు జారుతుంటే విడిచేసి నడిచాడు.

"పైపు! పైపుకు చుట్టుకుంటది!" అని ముత్యం కుర్చీ లోంచి లేచాడు. అంత వేగంగా లేవగలనని అప్పటిదాకా ఆయనకే తెలియదు.

చేప నిజంగానే మోటారు పైపు వైపు పోతోంది. బాల్‌సింగ్ దాన్ని మళ్లించలేడు. నరేందర్ చొక్కా కూడా విప్పకుండా మెట్లు దిగి, నీళ్లలోకి దూకి, పైపును కౌగిలించుకొని గోడకు లాగిపెట్టి పట్టుకున్నాడు. దారం అతని చెవి పక్క నుంచి పోయింది. చేప వెడల్పు నీళ్లలోకి వచ్చింది.

"పట్టుకో నరేందరూ, వదలకు!" అంటున్నాడు ముత్యం. "సాకేత్, సంచి తెరువు! ఇటు గాదు, నీ కుడి దిక్కు! నీ కుడి ఏందో నీకు తెల్వదారా?"

చేప రెండుసార్లు మళ్లీ అడుగుకు పోయింది. రెండోసారి పోయిన దూరం తక్కువ. మూడోసారి పక్కకు ఒరిగి, తెల్ల కడుపు చూపించింది. బాల్‌సింగ్ కర్ర కొసను మెట్ల వైపు మెల్లిగా తిప్పాడు. అది నీటి మీద జారుతూ తడి సంచి మీదికి వచ్చింది. సాకేత్ సంచిని మూసి ఛాతీకి హత్తుకున్నాడు. చేప తోకతో అతని చెంప మీద ఒకటి కొట్టింది. తండ్రి కూడా అతన్ని ఎప్పుడూ అంత గట్టిగా కొట్టలేదు.

బాల్‌సింగ్ మెట్లు దిగి, సంచి తెరిచి చూశాడు. గాలం పై మూతి అంచున, ఎముకకూ తోలుకూ మధ్య ఉంది. బొటనవేలితో వెనక్కి నొక్కితే వచ్చేసింది. చిన్న బొక్క. రక్తం చుక్క మాత్రమే. చేప మూతి తెరిచి గాలి మింగి మూసింది.

నీలం డ్రమ్ములో సగం బావి నీళ్లే పోసి ట్రాలీ ఆటోలో పెట్టి ఉంచారు. ముత్యం కూతురు శ్రీలత ఘనపూర్‌లో ఉంటుంది. వాళ్ల బావి రోడ్డుకు దూరం. సర్పంచ్ ఇక అక్కడ ఉంటుంది. నిండా నీళ్లు పోస్తే అది దూకుతుందని బాల్‌సింగ్ ముందే చెప్పాడు. మూతకు గోనెసంచి, దాని మీద తాడు.

సంచిని డ్రమ్ము అంచుకు ఆనించి, చేపను మెల్లిగా జార్చాడు. అది అడుగుకు పోయి, ఒక చుట్టు తిరిగి, పైకి వచ్చి గుటక వేసింది. ముత్యం ఆటో పక్కకు కుంటుకుంటూ వచ్చి లోపలికి తొంగిచూశాడు.

"మూతికి బొక్క వడ్డది," అన్నాడు.

"ముక్కుపుల్ల పెట్టిచ్చుండ్రి," అంది ప్రమీల. ఆమె కాళ్లకు ఇప్పుడు వేరే చెప్పులున్నాయి. బాల్‌సింగ్‌కు కొంచెం దూరంగానే నిలబడింది.

నరేందర్ చొక్కా పిండుకుంటూ, "రేపు మట్టి కొట్టొచ్చా పటేలా?" అన్నాడు.

ముత్యం మళ్లీ డ్రమ్ములోకి వంగాడు. చేప మళ్లీ గాలికి వచ్చేదాకా చూశాడు. వచ్చింది. బాల్‌సింగ్ డ్రమ్ము మీద గోనెసంచి కప్పి తాడు బిగించాక, ముత్యం ఆటో అంచు పట్టుకొని, సాకేత్ ఊతంతో పైకెక్కి, డ్రమ్ము పక్కన కూర్చొని రెండు చేతులూ దాని చుట్టూ వేశాడు.

"రోడ్డు మీద గుంతలున్నయి పటేలా. గట్టిగ పట్టుకో," అన్నాడు బాల్‌సింగ్.

"పట్టుకున్న."

బాల్‌సింగ్ తాడు ముడి మరోసారి లాగి చూసి, డ్రమ్ము మీది నుంచి చేయి తీశాడు.